భీమవ్వ రేకు పత్తాలు

భీమవ్వకు పేకాట రాదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. దాదాపు ఇరవై ఏళ్లపాటు పెట్టెనిండా పేకముక్కలు దాచుకుని బతికిన మనిషి కాబట్టి, బోధన్‌లో నోరున్న ప్రతివాడూ ఆమెది జూదగాళ్ల కొంప అని ఓ మాట విసిరేసి పోయాడు. ఆమె ఒక్క ఆట ఆడింది లేదు. ఏ ముక్క పెద్దదో ఏ ముక్క చిన్నదో కూడా తెలియదు. మొగుడు నేర్పబోతే, "గెలుసుడు ఓడుడు నాకెందుకయ్యా, నాకు బొమ్మలు సాలు" అనేది.

పేకముక్కలని మనం రాస్తాం గానీ అక్కడ వాటి పేరు పత్తాలు. ఇక మీదట నేనూ అదే మాట అంటాను.

మొదటి పత్తాలు ఆ ఇంటికి వచ్చింది 1957లో. భీమవ్వ మొగుడు మార్కండేయ అప్పటికే మగ్గం మూలన పెట్టి, చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసర్లు సాయంత్రాలు కూర్చునే క్లబ్బులో చాయ్ అందించే పనికి కుదిరాడు. క్లబ్బుకు సున్నం వేస్తుంటే అల్మారా వెనక ఒక పత్తాల డబ్బా దొరికింది. పెద్ద యుద్ధం రోజుల్లో వచ్చి ఎప్పుడో వెళ్లిపోయిన తెల్ల ఇంజనీరుదట. పారేయమన్నారు. పారేయడానికి చేతులు రాక మార్కండేయ ఇంటికి పట్టుకొచ్చాడు.

భీమవ్వ గడపలో కూర్చుని బీడీల ఆకు కోస్తోంది. తునికాకులన్నీ ఒకే కొలతకు రావాలి కాబట్టి, ఆకు మీద రేకు ముక్క ఒకటి పెట్టి దాని చుట్టూ కత్తెర పోనిస్తారు. ఆ రోజు ఆమె రేకు తుప్పుపట్టి అంచు విరిగింది. చేతికందిన పత్తా ఒకటి తీసి ఆకు మీద పెట్టింది. కొలత కాస్త ఎక్కువైనా పని జరిగింది. నాలుగు ఆకులు కోశాక పత్తా వెల్లకిలా తిరిగింది.

దాని మీద ఒక రాజు. ముక్కు కింద వేలెడు మీసం. కిరీటం జారి ఒక చెవికి వేలాడుతోంది. పాపం, రాజుగారు చినిగిన లాగును తుపాకీ కత్తితో కుట్టుకుంటున్నారు.

"ఎవలయ్యా వీడు?" అంది.

"జర్మనీ దేశాన్ని ఏలినోడంట. సగం లోకాన్ని అంటువెట్టిండంట," అన్నాడు మార్కండేయ, క్లబ్బులో విన్నదంతా కలిపి.

"గంత పెద్దోన్ని గిట్ల గీస్తె ఊకున్నరా?"

"గీసినోడు ఇంకో దేశపోడు. యాడవోయి పట్టుకుంటరు?"

భీమవ్వ నవ్వింది. నవ్వు ఆగలేదు. ఆగకపోయేసరికి కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. ఇంట్లో మొగుడు తప్ప ఎవరూ లేరు, అయినా కుక్కుకుంది. ఆ అలవాటు ఎక్కడిదో చెప్పాలి.

ఆమె పుట్టింది మోస్రాలో, బట్టలు నేసే సాలోళ్ల ఇంట్లో. ఏడేళ్ల వయసులో ఒకనాడు, దొర ఉండే గడికి ఇవ్వాల్సిన బట్ట రెండు రోజులు ఆలస్యమైందని ఆ దొర ఆమె కన్న బాపును ఎండలో వంగబెట్టి వీపు మీద రాయి పెట్టించాడు. ఊరంతా తల దించుకుని నిలబడింది. దొర మెట్లు దిగి వస్తూ వస్తూ తన ధోతి అంచు తనే తొక్కుకుని బొక్కబోర్లా పడబోయాడు. చిన్న పిల్ల, ఫక్కున నవ్వింది. తల్లి వెనకనుంచి నోరు మూసింది. ఎంత గట్టిగా మూసిందంటే పన్ను దిగి కింది పెదవి చీలింది. ఆ మచ్చ పోలేదు. భీమవ్వ నవ్వినప్పుడల్లా ఆ చోట పెదవి ఒక పక్కకు లాగుతుంది. బాపు మాత్రం ఆ రోజు తర్వాత నడుం పూర్తిగా ఎత్తి నడవలేదు.

అంత బలిసినవాణ్ణి చూసి నవ్వొచ్చని, నవ్వే పనికి రంగులు వేసి అచ్చుగుద్ది యాభై రెండు ముక్కలు చేయొచ్చని ఆమెకు ఆ పత్తా చూసిన రోజే తెలిసింది. ఇక ఊరుకుంటుందా? పత్తాల పిచ్చి పట్టుకుంది. పిచ్చి అన్నది జనం మాట. నేనైతే పంతం అంటాను.

అందరూ సేకరించే పత్తాలు ఆమెకు అక్కర్లేదు. పూల పత్తాలు, సినిమా తారల పత్తాలు తెచ్చి ఇస్తే మొహమాటం లేకుండా తిప్పి పంపేది. ఏలేవాడి బుగ్గ గిల్లే బొమ్మ ఉండాలి. అలాంటివి ఎక్కడున్నా వాసన పట్టేది. నిజామాబాద్ స్టేషన్ దగ్గర పాత సామాను అమ్మేవాళ్లను, నాందేడ్ వైపు తిరిగే లారీ డ్రైవర్లను, సెలవు మీద వచ్చిన మిలిటరీవాళ్లను అడిగేది. అరవై రెండు యుద్ధం తర్వాత ఒక పత్తాల జట్టు వచ్చింది, అందులో సిపాయికి బూట్లు లేవు, పక్కనున్న మంత్రికి మాత్రం నాలుగు జతలు. డెబ్భై ఒకటి యుద్ధం తర్వాత వచ్చినదాంట్లో ఒక జనరల్ రొమ్ము మీది బిళ్లల బరువుకు ముందుకు ఒరిగిపోతుంటే నలుగురు వెనకనుంచి పట్టుకున్నారు. ఎన్నికల పత్తాల్లో ఒక నాయకుడు ఓట్ల డబ్బా నెత్తికి తొడుక్కుని దారి కనపడక గోడకు గుద్దుకున్నాడు. బోధన్ అంగట్లో పాత సామాన్ల మరాఠీ ముసలమ్మ, "కాయ్ బాయీ, జుగార్ ఖేళ్తేస్ కా?" అని ఎకసెక్కం చేసేది, ఏమమ్మా జూదమాడుతున్నావా అని. "ఆ, రాజులతోని ఆడుతున్న," అని భీమవ్వ జవాబు.

కొత్త జట్టు రాగానే ఆమె ఒక పని చేసేది. మార్కండేయ మగ్గంలో మిగిలిన నూలు తీసి, ప్రతి పత్తాకూ మూలన సూదితో పొడిచి, దండలా గుచ్చేది. అట్ల గుచ్చితే ఒక్కటీ తప్పిపోదని. పత్తాలు పాడు చేస్తున్నావే అని మొగుడు నెత్తి కొట్టుకున్నా వినలేదు.

గల్లీలో భీమవ్వతో కలిపి పన్నెండుమంది ఆడవాళ్లు ఆమె అరుగు మీద చేరి బీడీలు చుట్టేవారు. చాటలు ఒళ్లో పెట్టుకుని, వేళ్లు వాటి పని అవి చేసుకుంటుంటే, చెవులు ఖాళీగా ఉంటాయి కదా. భీమవ్వ రోజూ ఒక పత్తా తీసి తంబాకు డబ్బాకు ఆనించి, దాని కథ చెప్పేది. సగం విన్నది, సగం కల్పించింది. ఆ అరుగు మీద ఎన్ని సింహాసనాలు కూలాయో లెక్క లేదు.

ఇప్పుడు ఇషాక్ సంగతి. ఇషాక్ బోధన్‌లో దుకాణాల బోర్డులు రాసే పెయింటరు. లారీల వెనక నెమళ్లు, ఎడ్లబండ్లకు పూలు, అన్నీ ఆయన చేతివే. తెల్ల ఇంజనీరు జట్టులో నాలుగు పత్తాలు తక్కువుంటే భీమవ్వ పోయి గీసిమ్మంది. గీసిచ్చాడు. అప్పట్నుంచి ఆమె అన్నా అంటే ఆయన అక్కా అనేవాడు, వయసులో ఎవరు పెద్దో తేల్చుకోకుండానే.

1974లో ఒకరోజు ఇషాక్ అరుగు మీద చాయ్ తాగుతూ ఆడవాళ్ల చేతుల్లోని రేకుల వైపు చూశాడు. నెయ్యి డబ్బాలు కోసి చేయించుకున్న రేకులు, పన్నెండు.

"అక్కా, ఒక జట్టుల బొమ్మల పత్తాలెన్ని?"

"నాలుగు రాజులు, నాలుగు రాణులు, నాలుగు గులాంలు."

"పన్నెండు. మీరు గూడ పన్నెండుమంది." కప్పు కింద పెట్టి నవ్వాడు. "పరాయి దేశపు రాజులను సూసి ఎన్నొద్దులు నవ్వుతరు? మనోల్లు లేరా?"

వారంలో రేకులన్నీ తిరిగొచ్చాయి, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మతో. ఆటీను గులాం చెరకు తూకం వేసేవాడు, కాటా మీద బొటనవేలు మోపి ఆకాశం వైపు చూస్తున్నాడు. డైమను రాజు మునిసిపాలిటీ మెంబరు, ఎండిన నల్లా కింద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఇస్పేటు రాజు మోస్రా దొర, ధోతి అంచు కాలికింద, రెండు చేతులూ గాలిలో. అది భీమవ్వ రేకు. ఆమె రోజూ ఆయన మొహాన్ని ఆకుకు అదిమి కోసేది.

కళావరు రాజు దేవిదాస్. బీడీ కంపెనీకి ఏజెంటు. ఆ గల్లీ ఆడవాళ్ల తిండి ఆయన చేతిలో ఉంది, ఆకు ఇచ్చేది ఆయన, చుట్టిన బీడీలు తీసుకునేది ఆయన. కట్టలు విప్పి, ముక్కు చిట్లించి, "గిదేం బీడీ" అంటూ పిడికెడు పక్కకు పడేసేవాడు. పడేసినవి మట్టిలో పడతాయా, పడవు, ఆయన సంచిలో పడతాయి. ఇషాక్ ఆయనకు బీడీల కిరీటం పెట్టాడు. ముందు చెయ్యి దీవిస్తోంది, వెనక చెయ్యి కట్ట దాస్తోంది. ఆ రేకు ఈరవ్వకు వచ్చింది. ఈరవ్వ గల్లీలో అందరికంటే చిన్నది, అందరికంటే పిరికిది.

రెండేళ్లు ఎవరికీ తెలియలేదు. రేకు బొమ్మవైపు ఎప్పుడూ ఆకు ఉంటుంది, లేదా చాటలో బోర్లా ఉంటుంది. పనిముట్టును తిరగేసి చూడాలన్న ఆలోచన ఏ పెద్దమనిషికి వస్తుంది?

గుట్టు బయటపెట్టింది ఈరవ్వే. 1976లో, చెరకు బండ్లు ఫ్యాక్టరీ ముందు బారులు తీరి, ఊరంతా బెల్లపు పాకం వాసన వేసే రోజుల్లో, బీడీ గోదాం దగ్గర దేవిదాస్ ఒక చెయ్యి ఎత్తి, రెండో చెయ్యి వెనక్కి పెట్టుకుని అచ్చం బొమ్మలో ఉన్నట్టే నిలబడ్డాడు. ఈరవ్వ ఆపుకోలేక, "కళావర్ రాజు," అనేసింది. వెనక పదకొండుమందీ పగలబడి నవ్వారు. దేవిదాస్ నలుగురి దగ్గరా కూపీ లాగాడు. భీమవ్వ దగ్గర పత్తాలున్నాయి, అందులో నీ బొమ్మ ఒకటి ఉందట సేటూ, అని ఎవడో చెవిన వేశాడు. రేకు సంగతి వాడికీ తెలియదు.

దేవిదాస్ నేరుగా అరుగు దగ్గరికి వచ్చాడు. "ఆ పత్తా నాకియ్యి భీమవ్వా. సోమారం గోదాం ముంగట నీ శేత్తోని అంటువెట్టి, తలకాయ వంచి తప్పైందను. లేకుంటె సోమారం సంది మీ గల్లీకి ఆకు లేదు. ఎవ్వలకు లేదు."

ఆయన వెళ్లాక ఈరవ్వ ఏడ్చింది. "ఇచ్చెయ్యక్కా. ఆకు లేకుంటె మేమేం తినాలె? ఒక్క రేకు కోసానికి మా కడుపులు మాడగొడ్తవా?"

భీమవ్వకు ఆ మాట గుచ్చుకుంది. అందులో అబద్ధమేమీ లేదు. కత్తెర పక్కన పెట్టింది. నెమ్మదిగా చెప్పింది. "ఈరవ్వా, గది ఇషాక్ అన్న గీసిందని ఎవల్కి తెల్వదు? బోధన్ల సగం దుకాండ్ల మీద ఆయన శెయ్యే ఉన్నది. ఇయ్యాల్రేపు ఎమర్జెన్సీ. మాటన్నోన్నే పట్కపోతున్నరు, బొమ్మ గీసినోన్ని ఇడుస్తరా? రేకిస్తె మనిషినిచ్చినట్టే. ఇంక తల వంచుడంటవా, మా బాపు వంగిండు. మా ఇంటికి ఆ వంగుడు సాలు."

ఉన్న ఆకు శనివారం దాకా వస్తుంది. ఆ తర్వాత సంగతి దేవుడికెరుక.

దేవిదాస్ సోమవారం దాకా ఓపిక పట్టలేదు. భీమవ్వ ఇంట్లో జూదం నడుస్తోందని, సర్కారును, తనను ఎక్కిరించే పత్తాలున్నాయని ఠాణాలో చెప్పాడు. శనివారం పొద్దున్నే కొత్తగా వచ్చిన ఎస్సై, ఇద్దరు పోలీసు జవాన్లు, వెనకే దేవిదాస్. పన్నెండుమందీ చాటలు ఒళ్లో పెట్టుకుని అరుగు మీదే ఉన్నారు.

జవాన్లు పెట్టె ఈడ్చుకొచ్చి వాకిట్లో గుమ్మరించారు. ఇరవై మూడు జట్లు, ఇరవై మూడు దండలు. ఎస్సై ఒక దండ ఎత్తి చూశాడు. క్లబ్బుల్లో చెయ్యి తిరిగినవాడే అయి ఉంటాడు, సూది పొడిచిన మూల చూడగానే మొహం చిట్లించాడు.

"గుర్తుపెట్టిన పత్తాలతోని ఎవడాడుతడు సేటూ? ఇది జూదం గాదు," అన్నాడు. తర్వాత బిళ్లల బరువుకు ఒరిగిపోయే జనరల్‌ను చూసి పెదవి చివర నవ్వాడు కూడా.

దేవిదాస్ మోకాళ్ల మీద కూర్చుని దండలన్నీ కలియబెట్టాడు. వెయ్యికి పైగా మొహాలు. తన మొహం లేదు. లేచి కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, దగ్గర్లో ఉన్న ఈరవ్వ చాటలోంచి కోసిన ఆకు తీశాడు. "గిదేం కొలత? ఆకు సన్నం గోస్తున్నరు మీరు. ఏది, నీ రేకియ్యి."

పిరికి ఈరవ్వ బొమ్మ కనపడేలా ఇచ్చేస్తుందనుకుంది భీమవ్వ. ఇవ్వలేదు. ఆ పిల్ల బోర్లా ఉన్న రేకు మీద ఒక చెయ్యి, చాటలోని పెద్దాకు మీద ఒక చెయ్యి వేసి, రెండింటినీ ఒక్క తిప్పున కలిపి, బొమ్మ మీద ఆకు కప్పి దేవిదాస్ అరచేతిలో పెట్టింది. "సూసుకోండ్రి సేటూ. అంచు పట్టుకుని సూడుండ్రి, ఆకు సినుగుతది."

దేవిదాస్ తన మొహాన్ని తన చేతిలోనే పట్టుకుని, రేకు వెనకవైపు కోసిన ఆకు ఆనించి అటూ ఇటూ చూశాడు. కొలత సరిగ్గానే ఉంది. గొణుక్కుంటూ రేకును ఆకుతో సహా తిరిగి ఇచ్చేశాడు. ఈరవ్వ దాని చుట్టూ కత్తెర పోనిచ్చింది.

ఎస్సై భీమవ్వ వైపు తిరిగాడు. "ఇగో అమ్మా, నాకు శానా పనులున్నయి. సేటు బొమ్మ ఉన్నదా లేదా?"

"ఉన్నది సారు."

అరుగు మీద వేళ్లన్నీ ఒక్క క్షణం ఆగాయి.

"అయితె అదొక్కటియ్యి. గివన్ని నీకే ఇడిసివెట్టి పోత."

"ఇయ్య."

"ఇయ్యకుంటె పెట్టె మొత్తం పట్కపోత. మల్ల రాదు."

భీమవ్వ వాకిట్లో పడున్న దండల వైపు చూసింది. చినిగిన లాగు కుట్టుకునే రాజు పైనే ఉన్నాడు. ఆయన్ను చూసి మొదటిసారి నవ్వి ఇరవై ఏళ్లు కావస్తోంది. అడిగిన లారీలు, తిరిగిన అంగళ్లు, మార్కండేయ నూలు, అన్నీ ఆ కుప్పలో ఉన్నాయి. అయినా మాట స్పష్టంగానే వచ్చింది.

"పట్కపోండ్రి సారు."

ఎస్సై నమ్మలేనట్టు చూశాడు. తర్వాత భుజాలు ఎగరేసి జవాన్లకు సైగ చేశాడు. పెట్టె గల్లీ దాటిపోయింది. తొందరలో కనపడలేదు గానీ తన బొమ్మ ఆ గుట్టలోనే ఎక్కడో ఉందని, ఠాణాలో తీరిగ్గా ఏరి తగలబెట్టుకోవచ్చని దేవిదాస్ సంబరపడ్డాడు. ఆ సంబరంలో సోమవారం ఆకు మామూలుగానే పంపాడు.

ఆ శనివారం భీమవ్వ అన్నం ముట్టలేదు. ఏడ్చింది, దాచడమెందుకు, తనివితీరా ఏడ్చింది. మార్కండేయ పక్కన కూర్చుని, "లాగు కుట్టుకునేటోడు గుర్తున్నడా?" అన్నాడు.

"ఎట్ల మర్సిపోత?"

"మల్ల యాడ పోయిండే మరి," అన్నాడు ఆయన. అంతకంటే ఓదార్చడం ఆయనకు చేతకాదు. పెట్టె ఇక ఎప్పటికీ తిరిగి రాలేదు.

మర్నాడు ఈరవ్వ వచ్చి, అరుగు మీద భీమవ్వ పక్కనే చాట వేసుకుంది. "సోమారం ఆకు రాకున్నా రేకు మాత్రం నేనియ్యనక్కా," అంది. భీమవ్వ ఆమె నెత్తి మీద ఒక్కటి మొట్టి, కత్తెర అందించింది.

ఏడాది గడిచింది. ఎన్నికలు వచ్చాయి, ఎమర్జెన్సీ పోయింది. ఇషాక్ నిచ్చెన ఎక్కి బోర్డులు రాస్తూ మళ్లీ పెద్ద గొంతుతో పాడుకుంటున్నాడు. పక్క వీధిలో ఇంకో కంపెనీ గోదాం తెరిచి, చెయ్యి తిరిగిన ఆడవాళ్ల కోసం గల్లీ గల్లీ తిరుగుతోంది. దేవిదాస్‌కు గుబులు పట్టి, గోదాం విడిచి తనే అరుగుల దగ్గరికి వచ్చి బీడీలు తీసుకోవడం మొదలుపెట్టాడు. ఎండ ముదురుతున్న ఒక మధ్యాహ్నం భీమవ్వ అరుగు మీద కూర్చుని, ఈరవ్వ కట్టలోంచి ఒక బీడీ తీసి ముట్టించాడు.

"ఆకు కోసుడంటె నీదే ఈరవ్వా," అన్నాడు, మంచి చేసుకోవడానికి. "గీత గీసినట్టుంటది."

భీమవ్వ చేతిలో పని ఆపకుండానే అంది. "ఈరవ్వా, సేటుకు నీ రేకు సూపియ్యి."

ఈరవ్వ ఆకు తీసి, రేకు తిప్పి, చాట అంచుకు ఆనించి పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు మిగిలినవాళ్లూ తిప్పారు. పన్నెండు రేకులు వరసగా నిలబడ్డాయి. మూడేళ్లు కత్తెర ఒరిసి రంగు అంచుల్లో లేచిపోయింది. దేవిదాస్ కిరీటంలో రెండు బీడీలు రాలిపోయాయి. వెనక చెయ్యి మాత్రం చెక్కుచెదరలేదు, చేతిలో కట్ట కూడా.

దేవిదాస్ వంగి తన బొమ్మ చూశాడు. "ఎప్పటి సంది?" అన్నాడు.

"మూడేండ్లు."

"మరి ఆ పెట్టె?"

"దాంట్ల నువ్వు లేవు సేటూ. పరాయి దేశపోల్లున్నరు, పాపం, ఏ తప్పు జెయ్యకుంట నీ కోసం ఠాణాకు పోయిండ్రు. నువ్వు గీడనే ఉన్నవ్. నీకు ముట్టిన ప్రతి కట్టల ఈరవ్వ ఆకు నీ మొఖం మీదనే కోసింది. గిప్పుడు తాగుతున్నది గూడ."

దేవిదాస్ నోటి దగ్గరున్న బీడీ అక్కడే ఆగిపోయింది.

భీమవ్వ నవ్వింది. కొంగు వైపు చెయ్యి పోలేదు. పెదవి మచ్చ దగ్గర పక్కకు లాగింది, లాగనిచ్చింది. ఈరవ్వ అందుకుంది, అరుగంతా అందుకుంది. పక్క గల్లీ దాకా వినపడే నవ్వు. "ఆకు బంద్ జేస్తవా, జెయ్యి," అంది భీమవ్వ నవ్వుల మధ్యే. "పక్క కంపెనోడు పొద్దుగాల్నే వచ్చి పోయిండు."

దేవిదాస్ బీడీ నలిపేశాడు. కట్టలు ఒక్కొక్కటే తీసుకుని సంచిలో వేసుకున్నాడు. ఒక్కటీ విప్పలేదు, ముక్కు చిట్లించలేదు. ఆ రోజు ఆ అరుగు మీద ఒక్క బీడీ కూడా పక్కకు పడలేదు.